కారు బ్యాటరీ మార్చే ముందు: కొట్లో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

బెంగళూరులో మారతహళ్ళి వైపు కార్ల ఎలక్ట్రికల్ పని, బ్యాటరీల అమ్మకం నా వృత్తి. కొట్టుకొచ్చేవాళ్ళలో మన తెలుగువాళ్ళు బాగానే ఉంటారు. వస్తూనే అడిగేది ఒకటే: "అన్నా, ఏ బ్యాటరీ మంచిది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "బండి వారంలో ఎన్ని రోజులు తీస్తారు, ఎంత దూరం పోతారు?" ఇదేదో కాలక్షేపానికి అడిగినట్టు కొందరు విసుక్కుంటారు. కానీ కొత్త బ్యాటరీ రెండేళ్ళకే పోతుందా, ఐదేళ్ళు లాగుతుందా అన్నది స్టిక్కర్ మీది పేరు కంటే ఈ జవాబు మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

అపోహ: జనవరి చలికి బ్యాటరీ పోయింది

ఇది బెంగళూరు ప్రత్యేకం. పొద్దున పదిహేను డిగ్రీల చలిలో సెల్ఫ్ తీసుకోదు, టక్ టక్ మంటుంది. నెపం చలి మీద పడుతుంది.

నిజానికి ఆ బ్యాటరీని దెబ్బతీసింది అంతకు ముందు ఏప్రిల్, మే నెలలు. లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపల ఉండేది సీసపు పలకలు, పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్. వేడి పెరిగేకొద్దీ పలకల గ్రిడ్ తుప్పు పట్టే వేగం పెరుగుతుంది, నీళ్ళు ఆవిరవుతాయి. ఉష్ణోగ్రత సుమారు పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని మా రంగంలో మోటు లెక్క. 2024 ఏప్రిల్‌లో ఈ ఊళ్ళోనే 38 డిగ్రీలు దాటింది. ఇక సెలవులకు పిల్లల్ని ఎక్కించుకుని కర్నూలుకో కడపకో పోయి, నలభై దాటిన ఎండలో బండిని ఆరుబయట నిలబెడితే, బానెట్ కింద వేడి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అంత దెబ్బ తిన్నా వేసవిలో బండి స్టార్ట్ అవుతూనే ఉంటుంది, ఎందుకంటే వేడికి ఆయిల్ పలచగా ఉంటుంది, బ్యాటరీ కూడా కరెంటు సులువుగా ఇస్తుంది. చలికి ఆయిల్ చిక్కబడి, బ్యాటరీ శక్తి కాస్త తగ్గేసరికి అప్పటిదాకా దాగిన బలహీనత బయటపడుతుంది.

అందుకే నేను చెప్పేది: మూడేళ్ళు దాటిన బ్యాటరీని ఎండాకాలం అయ్యాక, వానల్లో ఒకసారి టెస్ట్ చేయించండి. జనవరి దాకా ఆగితే, తెల్లవారుజామున ఊరికి బయల్దేరబోతూ బేస్‌మెంట్‌లో ఇరుక్కుంటారు.

అపోహ: వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే చాలు

ఇంటి నుంచి పని మొదలైనప్పటి నుంచీ ఇది బాగా పాకింది. లెక్క చూడండి. తాళం వేసిన కారు కూడా కరెంటు తింటూనే ఉంటుంది: సెంట్రల్ లాకింగ్, అలారం, కంప్యూటర్ మెమరీ. మామూలు బండి 25 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుందాం. వారానికి నాలుగు ఆంపియర్ అవర్ల (ఏహెచ్, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) పైనే పోతుంది. పార్కింగ్ మోడ్‌లో డాష్‌క్యామ్ గానీ, జీపీఎస్ ట్రాకర్ గానీ ఉంటే ఇంకా ఎక్కువ. ఐడిల్‌లో ఐదు నిమిషాలు తిరిగిన ఇంజన్, అందులోనూ ఏసీ వేసుకుని కూర్చుంటే, ఆ నాలుగు ఆంపియర్ అవర్లను ఎక్కడ పూడుస్తుంది?

మొత్తం లాగుడు 50 మిల్లీ ఆంపియర్లయితే రోజుకు 1.2 ఏహెచ్. చిన్న పెట్రోల్ కార్లలో ఉండే 35 ఏహెచ్ బ్యాటరీ రెండు వారాల్లో సగానికి పడిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్ళి పదిహేను రోజులకు తిరిగొచ్చిన వాళ్ళంతా ఒకే వారంలో నాకు ఫోన్ చేయడం ఇందుకే.

ఖాళీ అవడం కంటే ఖాళీగా ఉంచడం ఇంకా చెడ్డది. డిశ్చార్జ్ అయినప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. పాలు అడుగంటిన గిన్నెను అప్పుడే కడిగితే శుభ్రమవుతుంది, వారం వదిలేస్తే ఎంత తోమినా రాదు, ఇదీ అంతే. వెంటనే ఛార్జ్ చేస్తే సల్ఫేట్ కరుగుతుంది, రోజుల తరబడి వదిలేస్తే గట్టి పలుకులై పలకను మూసేస్తుంది. తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పాత బలం రాదు.

వారానికోసారి అరగంటో ముప్పావుగంటో రింగ్ రోడ్ మీద తిప్పి రండి. ట్రాఫిక్ లేని ఆదివారం పొద్దున అయితే మేలు. సిల్క్ బోర్డ్ జంక్షన్ రద్దీలో గంట నిలబడితే అది తిప్పినట్టు కాదు. రెండు వారాలు మించి ఊరెళ్తుంటే నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి. తీసేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు చివర నెగటివ్. ఈ వరుస ఎందుకంటే, నెగటివ్ తగిలించి ఉండగా పాజిటివ్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలితే మెరుపే. గడియారం, కొన్ని బండ్లలో పవర్ విండో సెట్టింగు మళ్ళీ చేసుకోవాల్సి వస్తుంది. అది భరించొచ్చు.

జంప్ స్టార్ట్ (వేరే బండి బ్యాటరీకి కేబుళ్ళు కలిపి స్టార్ట్) చేసి పది నిమిషాలు తిప్పితే నిండిపోతుందన్నదీ ఇదే బాపతు నమ్మకం. ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది, పాత మాటలో డైనమో) పని నడుస్తున్న కారుకు కరెంటు ఇవ్వడం, స్టార్టింగ్‌లో ఖర్చయిన కాస్తను పూడ్చడం. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని రాత్రంతా ఛార్జర్‌కు పెట్టించండి. పెట్టించాకే కొత్తది కావాలో లేదో తేల్చుకోండి. ఊరికే డౌన్ అయిన మంచి బ్యాటరీని తీసేసి కొత్తది అంటగట్టే కొట్లు లేకపోలేదు.

అపోహ: ఫలానా కంపెనీదే బ్యాటరీ, మిగతావి దండగ

మనవాళ్ళు చాలామంది "అమరాన్ పెట్టన్నా, తిరుపతిది" అంటారు. నాకూ ఆ ఊరి గాలి అంటే ఇష్టమే. ఇక ఎక్సైడ్ వాళ్ళ ఫ్యాక్టరీ ఒకటి పక్కనే హోసూరులో ఉంది, దగ్గరతనం లెక్కేస్తే అదీ మనదే. ఈ రెండూ, ఇంకా పేరున్న ఒకటి రెండు కంపెనీలవీ నేను అమ్ముతాను. వాటి మధ్య తేడా కంటే, ఒకే కంపెనీలో చవక మోడల్‌కూ మంచి మోడల్‌కూ ఉన్న తేడా ఎక్కువ. దానికంటే పెద్ద తేడా ఆ బ్యాటరీ కొట్లో ఎన్నాళ్ళు మూలన పడి ఉందన్నది.

వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను ఛార్జ్ కోల్పోతుంది. డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం కోడ్‌గా ఉంటుంది. కంపెనీకో పద్ధతి కాబట్టి మీకు అర్థం కాకపోవచ్చు; కొట్టాయన్నే చదివి చూపించమనండి. ఐదారు నెలలు దాటినదైతే వేరేది అడగండి. మీటర్ పెట్టమనండి. కొత్త బ్యాటరీ 12.6 వోల్టుల చుట్టుపక్కల చూపాలి. 12.4 కిందికి ఉంటే, పేరు ఎంత పెద్దదైనా, నేనైతే తీసుకోను.

అపోహ: నంబర్ ఎంత పెద్దదైతే అంత మంచిది

"ఇప్పుడున్నది 38, నాకు 42 పెట్టు, పవర్ ఎక్కువ" అంటారు. ఆ 38 అన్నది ఏహెచ్ కాదు. 38బి20ఎల్ అని రాసి ఉంటే, అది జపాన్ పద్ధతి పేరు. మొదటి అంకె పనితీరు తరగతి. బి అంటే వెడల్పు, ఎత్తుల తరగతి. 20 అంటే పొడవు, సుమారు ఇరవై సెంటీమీటర్లు. చివరి ఎల్ లేదా ఆర్ పాజిటివ్ ఏ వైపు ఉందో చెబుతుంది. మన మార్కెట్లో 38బి20ఎల్, 42బి20ఎల్ రెండూ 35 ఏహెచ్‌వే దొరుకుతాయి.

నిజంగా కాస్త ఎక్కువ ఏహెచ్ పెడితే ఆల్టర్నేటర్ కాలిపోతుందా అంటే, కాలదు. ఆల్టర్నేటర్ వోల్టేజి రెగ్యులేటర్ చేతిలో ఉంటుంది, 14 వోల్టుల చుట్టుపక్కల నిలబెడుతుంది. మైలేజీ, పికప్ పెరుగుతాయా అంటే, అవీ పెరగవు. అసలు చిక్కు కొలతల్లో ఉంది. కొలత తప్పిన బ్యాటరీ ట్రేలో సరిగ్గా కూర్చోదు, క్లాంప్ బిగియదు, గుంతల రోడ్ల మీద అదిరి అదిరి పలకలు పాడవుతాయి. ఎత్తు ఎక్కువై టెర్మినల్ బానెట్‌కు తగిలితే షార్టే. ఎల్ బదులు ఆర్ తెస్తే కేబుల్ అందదు. దాన్ని లాగి సాగదీసి బిగించిన పనితనం నేను చాలాసార్లు విప్పాను. పొరపాటున తిరగేసి కలిపితే ఫ్యూజులతో పాటు ఆల్టర్నేటర్ డయోడ్లూ పోతాయి.

డిన్ (జర్మన్ కొలతల పద్ధతి) రకం బ్యాటరీ వచ్చే బండికి డిన్‌దే పెట్టాలి. టెర్మినళ్ళు లోపలికి ఉంటాయి, కింద అంచు పట్టుకునే క్లాంప్ వేరు.

సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) సంగతి రెండు మాటల్లో: మైనస్ 18 డిగ్రీల చలిలో ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె అది. మనకు ఆ చలి లేదు గానీ, సెల్ఫ్ తిప్పే బలానికి అదే మంచి కొలత. డీజిల్ బండి అయితే దీన్ని అసలు తగ్గించకండి, ఆ ఇంజన్ తిరగడానికి ఎక్కువ బలం కావాలి. రెండు బ్యాటరీల సీసీఏలు పోల్చేటప్పుడు రెండూ ఒకే ప్రమాణంలో రాశారో లేదో చూడండి, ఎస్ఏఈ (అమెరికా ప్రమాణం) అంకె, ఈఎన్ (యూరప్ ప్రమాణం) అంకె ఒకటి కావు.

అపోహ: 55 నెలల వారంటీ అంటే 55 నెలలూ ఉచితం

కాదు. వారంటీ రెండు ముక్కలుగా ఉంటుంది. 55 నెలల్లో మొదటి 30 నెలల్లో పోతే కొత్తది ఉచితం, తర్వాతి 25 నెలల్లో పోతే కొత్తదాని ధరలో కొంత తగ్గింపు, ఇలాంటి విభజన. ఈ రెండో ముక్కను ప్రో రేటా అంటారు. ఆ తగ్గింపును సాధారణంగా ఎమ్మార్పీ మీద లెక్కకడతారు. కొట్లో మామూలుగానే ఎమ్మార్పీ కంటే తక్కువకు ఇస్తాం కాబట్టి, చివరికి మీకు మిగిలేది అనుకున్నంత ఉండదు. కొనేటప్పుడు మొత్తం నెలలు కాకుండా ఉచిత నెలలెన్నో అడగండి.

ఇంకో రెండు మెలికలు. ఉచితంగా ఇచ్చిన బ్యాటరీకి మళ్ళీ మొదటి నుంచి వారంటీ మొదలవదు, పాతదాంట్లో మిగిలిన కాలమే. టాక్సీలకు చాలా మోడళ్ళలో వారంటీ తక్కువ. ఇక డిశ్చార్జ్ అయిన బ్యాటరీ పాడైన బ్యాటరీ కింద లెక్క కాదు. ఛార్జ్ చేసి మీ చేతికే ఇస్తారు. కోపం తెచ్చుకుని లాభం లేదు, వారంటీ కార్డులోనే ఉంటుంది ఆ మాట.

అపోహ: పైన పచ్చ చుక్క కనిపిస్తోంది, బ్యాటరీ బాగున్నట్టే

12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఆ చుక్క వాటిలో ఒక్కదాన్ని మాత్రమే చూస్తుంది. మిగతా ఐదింటిలో ఒకటి చచ్చినా అది పచ్చగానే ఉంటుంది. మీటర్‌లో 12.6 చూపినంత మాత్రాన కూడా బాగున్నట్టు కాదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టేజి ఎంతకు పడుతోందో చూడాలి. తొమ్మిదిన్నర కిందికి జారితే అనుమానించాల్సిందే. సరైన పద్ధతి, నిండా ఛార్జ్ చేసి, చేతిలో పట్టే టెస్టర్‌తో మిగిలిన సీసీఏ కొలిపించడం.

అపోహ: ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ పీకితే డైనమో సంగతి తెలుస్తుంది

దయచేసి ఎవరినీ చేయనివ్వకండి. కార్బురేటర్ కార్ల కాలంలో పెద్ద మెకానిక్‌లు చేసిన పని ఇది, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టు. అప్పటి బండిలో కంప్యూటర్ లేదు. ఇప్పుడు ఛార్జింగ్ నడుస్తుండగా బ్యాటరీని తప్పిస్తే ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ దెబ్బకు ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, పోవచ్చు, మ్యూజిక్ సిస్టమ్ పోవచ్చు, ఆల్టర్నేటర్ కూడా పోవచ్చు. ఈసీయూ ఖరీదులో బ్యాటరీలు ఎన్నో వస్తాయి. మీటర్ ఉంటే ఇంజన్ నడుస్తుండగా టెర్మినళ్ళ మీద పెట్టి చూడడమే. చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి.

అపోహ: ఏసీ నీళ్ళు, ఆర్ఓ నీళ్ళు డిస్టిల్డ్ వాటరే కదా

కావు. మూతలున్న బ్యాటరీలో నీళ్ళు తగ్గితే పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. ఏసీ నుంచి కారే నీళ్ళు దుమ్మునూ లోహపు కణాలనూ కడుక్కుంటూ వస్తాయి. ఆర్ఓ నీళ్ళలో లవణాలు తగ్గుతాయి గానీ పోవు. డిస్టిల్డ్ వాటర్ సీసా ఖరీదు చాయ్ టిఫిన్‌కు మించదు. యాసిడ్ పోయించడం ఇంకా పెద్ద తప్పు. తగ్గేది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంటుంది. మీది మూతలు లేని రకమైతే ఈ గొడవ లేదు. కానీ టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వాసెలిన్ రాయడం దానికీ తప్పదు.

చిన్నాచితకా

బ్యాటరీని నేల మీద పెడితే ఛార్జ్ దిగిపోదు. ఇన్వర్టర్ బ్యాటరీని కారుకు వాడకండి. అది నెమ్మదిగా గంటల తరబడి ఇవ్వడానికి చేసింది, ఒక్క గుక్కలో వందల ఆంపియర్లు ఇవ్వడానికి కాదు. ఎలక్ట్రిక్ కార్లలోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, అది పోతే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి లేవదు.

సిగ్నల్ దగ్గర తానే ఆగి తానే స్టార్ట్ అయ్యే బండి అయితే మాత్రం జాగ్రత్త. వాటిలో ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం (మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునేలా చేసిన బ్యాటరీలు) వస్తుంది. చవక అని మామూలుది పెడితే, మన ఊరి సిగ్నళ్ళకు తొందరగా చేతులెత్తేస్తుంది. మామూలు చోట ఈఎఫ్‌బీ పెట్టొచ్చు. ఈఎఫ్‌బీ చోట మామూలుది, ఏజీఎం చోట ఈఎఫ్‌బీ పెట్టకూడదు. కొన్ని ఖరీదైన కార్లలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో బండికి నమోదు చేయాలి. ఆ స్కానర్ ఉందో లేదో ముందే అడగండి.

బిల్లు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత రేటు వేస్తే అడగండి. పాత బ్యాటరీ ఇస్తే దాని ధర తగ్గిస్తాం. సీసానికి విలువ ఉంది. కొందరు ఆ కొద్ది డబ్బు కోసం దాన్ని వీధిలో వచ్చే పాత సామాన్ల బండికి వేసేస్తుంటారు. అక్కడ యాసిడ్ మోరీలోకి, సీసం పొయ్యిలోకి పోతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించి సరైన రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది, కాబట్టి డీలర్ దగ్గరే ఇచ్చి, ఆ తగ్గింపును బిల్లులో రాయించుకోండి. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబర్, మీ బండి నంబర్ రెండూ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. వారంటీకి వచ్చినప్పుడు మొదట అడిగేది అవే.