లేహ్ వెళ్లే మనవలకు: ఎత్తైన చోట రక్తంలో జరిగే మార్పులు

చిరంజీవులకు ఆశీస్సులు.

సెలవుల్లో మీరు లడఖ్‌లోని లేహ్ వెళ్తున్నారని తెలిసి సంతోషించాను. దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లోనూ గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. అయితే గాలి పీడనం మన తీరప్రాంతంలో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే కావడంతో, ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది.

ఆ లోటు తీర్చుకోవడానికి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటకు పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. ఇది కాల్షియం మీద చూపే ప్రభావం నాకు ఎప్పుడూ అద్భుతంగానే తోస్తుంది. రక్తంలోని కాల్షియంలో కొంత ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది, కొంత విడిగా తిరుగుతుంది. నరాలకు, కండరాలకు పనికివచ్చేది విడిగా ఉన్నదే. క్షారగుణం పెరిగినప్పుడు ఆల్బుమిన్ మరికొంత కాల్షియంను పట్టుకుంటుంది కాబట్టి, మొత్తం తగ్గకపోయినా విడిగా ఉన్నది తగ్గుతుంది. కంగారుపడి గబగబా ఊపిరి తీసేవారికి పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు అనిపించడానికి ఇదొక కారణం. పొటాషియం కూడా కొంత కణాల్లోకి జరుగుతుంది. తర్వాత మూత్రపిండాలు క్షారగుణమున్న బైకార్బనేట్‌ను, దానితోపాటు సోడియంను బయటకు పంపి సమతూకాన్ని సరిదిద్దుతాయి. అందువల్ల అక్కడ మూత్రం ఎక్కువగా వస్తే భయపడకండి. డాక్టర్లు రాసే అసిటజోలమైడ్ మాత్ర ఈ పనినే త్వరపెడుతుంది.

ఇనుము కథ నిదానంగా నడుస్తుంది. ఆక్సిజన్ తగ్గిన కొన్ని గంటల్లోనే మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్‌ను పెంచి, ఎర్ర రక్తకణాలు తయారు చేయమని ఎముక మజ్జను పురమాయిస్తాయి. కణాలు ఆక్సిజన్ లోటును పసిగట్టే ఈ విధానాన్ని కనుగొన్నందుకే శాస్త్రవేత్తలు కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. ఒక్కో హీమోగ్లోబిన్ అణువుకు నాలుగు ఇనుప పరమాణువులు కావాలి. అందుకే కాలేయం, ఇనుము రక్తంలోకి చేరకుండా అడ్డుకునే హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తగ్గిస్తుంది; పేగులు ఆహారంలోని ఇనుమును ఎక్కువగా పీల్చుకుంటాయి, ఒంట్లోని నిల్వలూ ఖర్చవుతాయి.

మీరు ఉండేది కొద్ది రోజులే కాబట్టి కొత్త కణాలు పూర్తిగా సమకూరకముందే తిరిగి వచ్చేస్తారు. అయినా అమ్మాయిలు బయలుదేరేముందు హీమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వలను తెలిపే ఫెర్రిటిన్ పరీక్షలు తప్పక చేయించుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఐరన్ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పనిదే వేసుకోకండి. అక్కడ మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి. తలనొప్పికి వాంతులు, నడకలో తూలడం తోడైతే పెద్దవాళ్లకు వెంటనే చెప్పి, ఆలస్యం చేయకుండా కిందికి దిగే ఏర్పాటు చేయించుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య