రంగు ముందు, అనుమతి తర్వాత: పసుపు ఇంజన్లకూ నారింజ ఇంజన్లకూ మధ్య తగవు ఎక్కడ మొదలైంది?

రైల్వే కంపెనీలు యూనియన్ పసిఫిక్, నార్‌ఫోక్ సదరన్ ఒక్కటవుతామని 2025 జులై 29న ప్రకటించినప్పటి నుంచి అమెరికాలో నమూనా రైళ్ల అభిమానులకు నిద్ర లేదు. ఒప్పందం విలువ 85 బిలియన్ డాలర్లు. అనుమతి దొరికితే 43 రాష్ట్రాల్లో 50 వేలకు పైగా మైళ్ల మార్గం ఒకే యజమాని చేతికి వస్తుంది. పత్రికలు షేరు ధర, సరుకు కిరాయి గురించి రాశాయి. ఇంట్లో బల్ల మీద 87వ వంతు పరిమాణంలో గూడ్సు నడుపుకునేవారి బెంగ వేరు. నార్‌ఫోక్ సదరన్ నల్ల ఇంజన్ ముక్కు మీది తెల్ల గుర్రం ఉంటుందా, పోతుందా?

అక్కడి నుంచి మాట మళ్లీ పాత తగవులోకే వెళ్లింది. యూనియన్ పసిఫిక్ పసుపు గొప్పదా, దానికి పోటీ రైల్వే అయిన బీఎన్‌ఎస్‌ఎఫ్ నారింజ గొప్పదా? బయటివారికి ఇది రంగుల పిచ్చిలా కనిపిస్తుంది. నిజానికిది వారసత్వపు తగవు. యూనియన్ పసిఫిక్‌ను పుట్టించిన 1862 నాటి చట్టం, తూర్పు పడమర పట్టాలు కలిసినప్పుడు 1869లో యూటాలో కొట్టిన బంగారు మేకు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని వదిలేద్దాం. ఈ కథకు అసలు మలుపు 1986 జులైలో ఉంది.

అంతకు రెండున్నరేళ్ల ముందు, 1983 డిసెంబరులో, శాంటా ఫే, సదరన్ పసిఫిక్ రైల్వేల మాతృసంస్థలు విలీనమయ్యాయి. రైల్వేలు రెండూ కలవాలంటే అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటుందని రెండు వైపులా ఎంత ధీమా అంటే, 1985 నుంచే ఇంజన్లకు కొత్త రంగులు వేయడం మొదలుపెట్టారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఎరుపు, పసుపు, పైన నలుపు. కొడాక్ ఫిల్ము డబ్బాను గుర్తుకు తెచ్చేవి కాబట్టి అభిమానులు వాటికి కొడాక్రోమ్ అని పేరు పెట్టారు.

ఆ ఇంజన్ పక్కభాగాన్ని నమూనా చేసేవారు భూతద్దం పెట్టి చూస్తారు. సదరన్ పసిఫిక్ ఇంజన్ మీద ‘ఎస్‌పీ’ అని ఎడమవైపు రాసి, కుడివైపు మరో రెండక్షరాలకు చోటు వదిలారు. శాంటా ఫే ఇంజన్ మీద ‘ఎస్‌ఎఫ్’ కుడివైపు ఉంటుంది, ఎడమవైపు ఖాళీ. కమిషన్ ఊ అనగానే మిగతా అక్షరాలు అతికించడమే తరువాయి. తెలియనివాడు అక్షరాలను మధ్యలో అతికించాడంటే తోటి అభిమానులు ఏడాది పాటు ఎత్తిపొడుస్తారు.

కమిషన్ ఊ అనలేదు. నైరుతి రాష్ట్రాల్లో రెండింటి దారులూ చాలావరకు పక్కపక్కనే సాగుతాయి, కలిస్తే పోటీ చచ్చిపోతుందంటూ 4-1 ఓట్లతో తోసిపుచ్చింది. రైల్వే సిబ్బందీ అభిమానులూ ఆ నాలుగు అక్షరాలకు కొత్త విస్తరణ కట్టారు. ‘షుడంట్ పెయింట్ సో ఫాస్ట్’. దాని అర్థం: ‘ఇంత తొందరపడి రంగు వేసి ఉండకూడదు.’

ఆ ఒక్క ‘కాదు’ నుంచే ఈనాటి రెండు పక్షాలూ పుట్టాయని నా అభిప్రాయం. సదరన్ పసిఫిక్‌ను అమ్మక తప్పలేదు. 1988లో దాన్ని వ్యాపారి ఫిలిప్ ఆన్‌షుట్జ్‌కు చెందిన రియో గ్రాండ్ సంస్థ కొనుక్కుంది. ఒంటరిగా మిగిలిన శాంటా ఫే 1989లో తన పాత ఎరుపు-వెండి రంగులను, అభిమానులు వార్‌బానెట్ అని పిలుచుకునే ఆ వేషాన్ని, గూడ్సు ఇంజన్ల మీదికి మళ్లీ తెచ్చింది. 1995లో అది బర్లింగ్టన్ నార్తర్న్‌తో కలిసి బీఎన్‌ఎస్‌ఎఫ్ అయింది. మరుసటి ఏడాదే సదరన్ పసిఫిక్ యూనియన్ పసిఫిక్ కడుపులోకి వెళ్లింది. ఒకే ఇంటివి కావలసిన రెండు రంగులు రెండు శత్రు శిబిరాలకు చేరాయి.

తర్వాత జరిగింది సదరన్ పసిఫిక్ అభిమానులు ఇప్పటికీ క్షమించలేదు. 1997 వేసవికల్లా హ్యూస్టన్‌లోని ఇంగిల్‌వుడ్ యార్డు నిండిపోయింది. లోపలికి చోటులేక గూడ్సు రైళ్లు దారిపొడవునా లూపు లైన్లలో ఆగిపోయాయి. ఇంజన్లూ సిబ్బందీ ఎక్కడివారక్కడే చిక్కుకున్నారు. ఆ స్తంభన టెక్సాస్ దాటి పశ్చిమమంతా పాకింది. అక్టోబరు చివర్లో, పాత కమిషన్ స్థానంలో వచ్చిన సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు అత్యవసర ఉత్తర్వు జారీ చేయాల్సి వచ్చింది. అది మరుసటి ఆగస్టు దాకా నడిచింది. ఆ యార్డును, ఆ ఊరి పట్టాలను దశాబ్దాలుగా నడిపినవారి మాట ఒమాహాలోని కొత్త యజమానులు, అంటే యూనియన్ పసిఫిక్ వారు, వినలేదన్నది పాతవారి ఫిర్యాదు. తమ చేతికి వచ్చిందే శిథిలమైన రైల్వే అని యూనియన్ పసిఫిక్ పక్షం అంటుంది.

పట్టాల గొడవ సద్దుమణిగాక రంగుల వంతు వచ్చింది. 1948లో బొమ్మరైళ్లు చేసే లయొనెల్ కంపెనీ శాంటా ఫే ఎరుపు-వెండి ఇంజన్ బొమ్మను తెచ్చినప్పుడు దాని అచ్చుల ఖర్చులో కొంత అసలు ఇంజన్ తయారుచేసే జనరల్ మోటార్స్, శాంటా ఫే, న్యూయార్క్ సెంట్రల్ రైల్వేలు భరించాయి. పిల్లవాడి బల్ల మీద తమ పేరు తిరగడమే వారికి ప్రకటన. 2000 తర్వాత యూనియన్ పసిఫిక్ ఈ లెక్కను తిరగేసింది. తన గుర్తులకే కాక, తాను మింగిన రైల్వేల గుర్తులకు కూడా నమూనా తయారీదారులు రుసుము కట్టాలంది. 2004లో లయొనెల్ మీద, ఆథర్న్ అనే మరో నమూనా తయారీదారు మీద దావా వేసింది. వ్యాపార చిహ్నాన్ని కాపాడుకోకపోతే హక్కు పోతుందన్నది కంపెనీ వాదన. అభిమానులకు వినిపించింది మాత్రం మరోలా: సదరన్ పసిఫిక్‌ను చంపినవాడే ఇప్పుడు దాని ఫొటోకు అద్దె అడుగుతున్నాడు. చిన్న తయారీదారులు కొందరు ఆ రంగులు వేయడమే మానుకున్నారు. చివరికి ఎంటీహెచ్ అనే నమూనాల కంపెనీ ఎదురు నిలిచింది. 2006 నవంబరులో రాజీ కుదిరి, నమూనా తయారీదారులకు రుసుము లేని శాశ్వత అనుమతి వచ్చింది.

పోయిన రైల్వేల పేర్ల మీద ఇంత మమకారం ఎందుకని అడిగేవారు డాలస్‌కు ఉత్తరాన మనవాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కోను చూడవచ్చు. సెయింట్ లూయిస్-శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే ముద్దుపేరే ఆ ఊరి పేరు. రైల్వే 1980లో బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయింది, ఊరు మిగిలింది.

యూనియన్ పసిఫిక్ కూడా ఆ మమకారాన్ని గుర్తించకపోలేదు. 2005, 2006లలో ఆరు ఇంజన్లకు తాను కలుపుకున్న ఆరు రైల్వేల రంగులు వేసింది. సదరన్ పసిఫిక్ రంగుల ఇంజన్ నంబరు 1996. విలీనమైన ఏడాదే నంబరు. అది గౌరవమా, చావుతేదీ చెక్కిన రాయా అన్నది చూసేవారి పక్షాన్ని బట్టి ఉంటుంది. నార్‌ఫోక్ సదరన్ 2012లో తన 30వ ఏట ఇలాంటివే 20 ఇంజన్లు తెచ్చింది. పెన్సిల్వేనియా, వర్జీనియన్, వాబాష్ వంటి పాత రైల్వేల రంగులన్నీ అందులో ఉన్నాయి.

కొత్త విలీనాన్ని బీఎన్‌ఎస్‌ఎఫ్ వ్యతిరేకిస్తోంది. నారింజ పక్షం దీన్ని సూత్రమంటుంటే పసుపు పక్షం నవ్వుతోంది. 1999లో కెనడియన్ నేషనల్ రైల్వేతో కలవబోయింది బీఎన్‌ఎస్‌ఎఫే కదా! ఆ ప్రయత్నం వల్లే 2000లో బోర్డు పెద్ద విలీనాలను 15 నెలల పాటు నిలిపివేసింది. 2001లో నిబంధన మార్చింది. పోటీ తగ్గదని చెబితే ఇప్పుడు చాలదు, పెరుగుతుందని చూపాలి. యూనియన్ పసిఫిక్‌కు ఎదురైన పరీక్ష ఇదే.

బోర్డు తేల్చేలోగా అభిమానులు తమ పని మానలేదు. పసుపు ఇంజన్ ముక్కు మీద తెల్ల గుర్రాన్ని కూర్చోబెట్టిన ఊహాచిత్రాలు గీసుకుంటున్నారు. తయారీదారులకు ఇంకో సందేహం ఉంది. 2006 నాటి ఉచిత అనుమతి ఆ గుర్రానికీ వర్తిస్తుందా?