ఆరు నెలలు దాటితే ఇక మాట రాదా? ఎవరు చెప్పారు?

పక్షవాతం వచ్చి అఫేసియాతో, అంటే మెదడు దెబ్బతిని మాటలు దొరక్క, బాధపడేవాళ్ళ ఇంట్లోవాళ్ళు దాదాపు రోజూ నాతో అనే మాట ఇది: "ఆరు నెలలైపోయిందండీ, ఇక రాదన్నారు, అందుకే థెరపీ మానేశాం." ఎవరన్నారని అడిగితే పక్కింటివాళ్ళో, ఏ బంధువో. ఈ ఒక్క పుకారు చేసినంత నష్టం ఇంకేదీ చెయ్యలేదు. మొదటి నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది, అంతేగానీ ఆగిపోదు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన జర్మనీ అధ్యయనంలో ఉన్న 156 మందికీ పక్షవాతం వచ్చి 6 నెలలు దాటింది. కనీసం 3 వారాలపాటు, వారానికి 10 గంటలకు తగ్గకుండా థెరపీ ఇస్తే వాళ్ళ మాట మెరుగుపడింది. మనకేమో వారానికి ఒక అరగంట కుదరడమే గగనం. రానుపోను ఖర్చులు, సెలవులు, ఆ కష్టం నాకు తెలుసు. అందుకే మిగతా సాధన ఇంట్లో జరగాలంటాను.

టిఫిన్ సెంటర్ నడిపిన ఒకావిడని ఏడాదిన్నర తర్వాత కొడుకు తీసుకొచ్చాడు. అట్లకాడ చేతికిచ్చి ఇదేంటమ్మా అంటే పెదాలు కదిలాయి, మాట రాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీంతో ఏం చేస్తారు అన్నాను. మణికట్టు తిప్పి చూపించింది. ఎక్కడ? "పెనం" అంది. "అట్ల..." అని నేను ఆగాను. "కాడ!" కాసేపు వేరే సంగతి మాట్లాడి మళ్ళీ అడిగాను, ఈసారి "అ..." అంటే చాలింది. ఇదే పద్ధతి: వాడకం, చోటు, మొదటి శబ్దం, ఆ సాయాన్ని మెల్లగా తగ్గించడం, మధ్యలో వ్యవధి పెంచడం.

ఒక నిజం కూడా చెప్పాలి. సాధన చేసిన మాటలే ఎక్కువగా తిరిగొస్తాయి. బ్రిటన్‌లో కంప్యూటర్‌తో చేయించిన ఇలాంటి సాధన మీద 2019లో ఫలితాలొచ్చాయి, నేర్పిన మాటలు బాగా వచ్చాయిగానీ మామూలు సంభాషణలో పెద్ద తేడా రాలేదు. కాబట్టి ఏనుగు, యాపిల్ కార్డులు పక్కన పెట్టి మనవల పేర్లు, మందులు, రోజూ వండే కూరలు ఎంచుకోండి, వాటిని మాటల మధ్యలో వాడించండి.

మిగతావి గబగబా. తెలివి తగ్గలేదు, చిన్నపిల్లల్లా అఆలు దిద్దించకండి. వస నాకిస్తే మాట రాదు, ఇబ్బంది నాలుకలో లేదు, మెదడులో ఉంది. అంకెలు గడగడా చెప్పి "నీళ్ళు" అనలేకపోతే నాటకమనుకోకండి, వరసగా అలవాటైన మాటలు వచ్చే తీరు వేరు. మాట కోసం వెతుక్కుంటుంటే వెంటనే అందించెయ్యకుండా మనసులో పదిదాకా లెక్కపెట్టండి, తర్వాత మొదటి అక్షరం ఇవ్వండి. బాగా అలసిపోయి ఉంటే మాత్రం ఏమీ అడగకుండా నీళ్ళ గ్లాసు చేతికిచ్చెయ్యండి.