ఓక్లహోమా సిటీ థండర్: ఒక వేసవి ముంచింది, ఒక వేసవి నిలిపింది

2025 వేసవిలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని ఓక్లహోమా సిటీ థండర్ జట్టు తన ముగ్గురు ముఖ్య ఆటగాళ్లతో ఒప్పందాలు పొడిగించుకుంది. షై గిల్జస్-అలెగ్జాండర్‌కు నాలుగేళ్లకు సుమారు 28.5 కోట్ల డాలర్లు, జేలెన్ విలియమ్స్‌కూ చెట్ హోమ్‌గ్రెన్‌కూ ఐదేళ్లకు నిబంధనలు అనుమతించే గరిష్ఠ మొత్తం. కొన్ని వారాల ముందే ఎన్‌బీఏ టైటిల్ గెలిచిన జట్టు కాబట్టి ఇందులో వింతేమీ లేదనిపించవచ్చు. కానీ ఈ జట్టును మొదటి నుంచీ చూస్తున్నవారికి ఆ వార్త చదవగానే 2012 గుర్తుకొచ్చింది. అప్పుడూ ఇలాగే ముగ్గురు కుర్రవాళ్లు ఉన్నారు. ముగ్గురికీ డబ్బు ఇవ్వగలమా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. ఆనాటి జవాబు వేరు.

ఎన్‌బీఏలో జూన్‌లో ఫైనల్స్ ముగిశాక అక్టోబర్ దాకా ఆట ఉండదు. జూన్ చివర్లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టు, జూలై మొదట్లో ఒప్పందం ముగిసి ఏ జట్టులోనైనా చేరగల ఫ్రీ ఏజెంట్ల సంతకాలు, మధ్యలో ఆటగాళ్ల మార్పిళ్లు. జట్ల తలరాతలు సగం ఈ విరామంలోనే మారిపోతాయి. లాస్ ఏంజిలిస్, మయామీ లాంటి నగరాలకు పెద్ద ఆటగాళ్లు కోరి వస్తారు. ఓక్లహోమా సిటీకి అలా రారు. 2008లో సియాటిల్ నుంచి తరలివచ్చిన ఈ జట్టుకు డ్రాఫ్టే దిక్కు. జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టి డ్రాఫ్టులోనే కెవిన్ డ్యురాంట్, రసెల్ వెస్ట్‌బ్రూక్, జేమ్స్ హార్డెన్‌లను వరుసగా మూడేళ్లలో ఎంచుకున్నాడు. 2012లో ఫైనల్స్ చేరి మయామీ చేతిలో 4-1తో ఓడినప్పుడు ఆ ముగ్గురిలో ఎవరికీ 24 ఏళ్లు నిండలేదు. ఇలాంటి జట్టు ఇంకో పదేళ్లు ఏలుతుందని అందరూ అనుకున్నారు.

ఆ అక్టోబర్ 27న, కొత్త సీజన్‌కు మూడు రోజుల ముందు, హార్డెన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. నాలుగేళ్లకు దాదాపు 5.5 కోట్ల డాలర్లు ఇస్తామని జట్టు అంది. గరిష్ఠ ఒప్పందం 6 కోట్లకు అటూ ఇటూ. 2011లో యజమానులు ఆటలు ఆపేసిన లాకౌట్ తర్వాత ఆటగాళ్లతో కుదిరిన కొత్త ఒప్పందంలో లగ్జరీ ట్యాక్స్, అంటే జీతాల హద్దు దాటిన జట్లు కట్టే పన్ను, బాగా పెంచారు. చిన్న నగరపు జట్టుకు ఆ భయం ఉండటం సహజమే. అయినా ఆ తేడా కోసం హార్డెన్‌ను వదులుకోవడం ఈ జట్టు చరిత్రలోనే అతి పెద్ద తప్పు అని నేను గట్టిగా నమ్ముతాను. బదులుగా వచ్చిన పిక్‌తో, అంటే డ్రాఫ్టులో ఒకరిని ఎంచుకునే హక్కుతో, తీసుకున్న స్టీవెన్ ఆడమ్స్ ఏడు సీజన్లు నమ్మకంగా ఆడాడు, నిజమే. హార్డెన్ మాత్రం 2018లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఆ తర్వాత 2016లో డ్యురాంట్ వెళ్లిపోవడాన్ని జట్టు ఆపలేకపోయి ఉండవచ్చు. హార్డెన్‌ను ఎవరూ లాక్కుపోలేదు, తామే పంపించారు.

2016 మే 28 రాత్రి సంగతి ఇప్పటికీ మింగుడుపడదు. ఫైనల్స్‌కు ముందు దశలో, నాలుగు ఆటలు గెలవాల్సిన పోరులో గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద 3-1 ఆధిక్యం సాధించిన థండర్, ఆరో ఆటలో సొంత కోర్టులో గెలిస్తే ఫైనల్స్‌కు వెళ్లినట్టే. వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ ఆ రాత్రి పదకొండు త్రీ పాయింటర్లు, అంటే దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల బుట్టలు, వేశాడు. ఎదురుగా చేతులు చాచి డిఫెండర్ నిలుచున్నా, గీతకు ఎన్నో అడుగుల వెనక ఉన్నా విసిరాడు, బంతి నెట్‌లో పడుతూనే ఉంది. ఏడో ఆట కూడా పోయింది. జూలై 4న డ్యురాంట్ అదే వారియర్స్‌లో చేరుతున్నట్టు ప్రకటించాడు. తొమ్మిదేళ్లు పెంచి పోషించిన ఆటగాడికి బదులుగా థండర్‌కు ఒక్క పిక్ కూడా దక్కలేదు.

దీని వెనక ఒక లెక్క ఉంది. తొమ్మిదేళ్లకు 2,400 కోట్ల డాలర్ల కొత్త టీవీ ఒప్పందం సొమ్ము ఆ వేసవిలోనే లీగ్‌లోకి వచ్చిపడింది. ఒక్కో జట్టు జీతాలకు లీగ్ పెట్టే పరిమితి అయిన శాలరీ క్యాప్ 7 కోట్ల నుంచి ఒక్కసారిగా 9.4 కోట్లకు పెరిగింది. ఆ పెరుగుదలను కొన్నేళ్లకు సర్దుదామని లీగ్ అడిగితే ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. వారియర్స్ ప్రధాన ఆటగాడు స్టెఫ్ కరీ అప్పటికి పాత, చవక ఒప్పందంలోనే ఉన్నాడు. ఇవన్నీ కలిసి రాకపోతే, ఆ సీజన్‌లో 73 ఆటలు గెలిచిన వారియర్స్‌కు డ్యురాంట్‌ను కొనే చోటే ఉండేది కాదు.

ఆ తర్వాత వెస్ట్‌బ్రూక్ ఒంటరిగా జట్టును మోశాడు. 2017లో విక్టర్ ఒలడిపో, డొమాంటాస్ సబోనిస్‌లను ఇండియానాకు ఇచ్చి పాల్ జార్జ్‌ను తెచ్చారు. ఏడాది తిరిగేసరికి వెళ్లిపోతాడనుకున్న జార్జ్ 2018లో ఉండిపోయాడు. అయినా సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో మొదటి రౌండు దాటలేదు. 2019లో పోర్ట్‌లాండ్ ఆటగాడు డేమియన్ లిలార్డ్ 37 అడుగుల దూరం నుంచి చివరి క్షణంలో వేసిన బంతితో కథ ముగిసింది.

అదే ఏడాది జూలైలో స్టార్ ఆటగాడు కవాయ్ లెనర్డ్ లాస్ ఏంజిలిస్ జట్టు క్లిప్పర్స్‌లో చేరాలనుకున్నాడు, కానీ పక్కన ఇంకో స్టార్ కావాలన్నాడు. జార్జ్ తనను అక్కడికి పంపమని థండర్‌ను అడిగాడు. మూడేళ్లలో రెండోసారి ప్రధాన ఆటగాడు వెళ్లిపోతానన్నాడు. అయితే ఈసారి పైచేయి ప్రెస్టిదే. జార్జ్ దొరక్కపోతే లెనర్డ్ కూడా దక్కడని క్లిప్పర్స్‌కు తెలుసు. అందుకే షై గిల్జస్-అలెగ్జాండర్, డానిలో గల్లినారి, డ్రాఫ్టు మొదటి రౌండులో ఐదు పిక్‌లు, మరో రెండేళ్లు తమ పిక్‌ను వాళ్ల పిక్‌తో మార్చుకునే హక్కు, అన్నీ రాసిచ్చారు. షై అప్పటికి ఒక్క సీజన్ ఆడిన కుర్రవాడు. ఆ పిక్‌లలో ఒకటైన 2022 నాటి పన్నెండో పిక్‌తో వచ్చినవాడే జేలెన్ విలియమ్స్. కొద్ది రోజులకే వెస్ట్‌బ్రూక్‌ను కూడా హ్యూస్టన్‌కు పంపి క్రిస్ పాల్‌ను, మరిన్ని పిక్‌లను తెచ్చుకున్నారు.

పిక్‌లు చేతిలో ఉన్నంత మాత్రాన కడుపు నిండదు. 2021 డిసెంబర్ 2న మెంఫిస్‌లో 152-79తో, 73 పాయింట్ల తేడాతో ఓడారు. ఎన్‌బీఏ చరిత్రలో అంత ఘోరమైన ఓటమి మరొకటి లేదు. 2022 డ్రాఫ్టులో రెండో పిక్‌గా వచ్చిన హోమ్‌గ్రెన్ అదే ఆగస్టులో ఒక ప్రదర్శన ఆటలో లెబ్రాన్ జేమ్స్‌ను ఆపబోయి పాదానికి గాయం చేసుకున్నాడు. మొదటి సీజన్ మొత్తం పోయింది. అది జరిగిన ఊరు సియాటిల్, ఈ జట్టును పోగొట్టుకున్న నగరం.

2024 వేసవి మాత్రం లోటు చూసి పూడ్చిన వేసవి. జాష్ గిడ్డీని షికాగోకు ఇచ్చి, డిఫెన్స్‌లో దిట్ట అయిన అలెక్స్ కరూసోను తీసుకున్నారు. ఐజయా హార్టెన్‌స్టైన్‌కు మూడేళ్లకు 8.7 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ సీజన్‌లో 68 గెలిచి 14 ఓడారు. మనకు జూన్ 23 తెల్లవారుతుండగా మొదలైన ఏడో ఫైనల్ ఆటలో ఇండియానాను ఓడించారు. ఓడిన ఇండియానాను ఆ దాకా నడిపిన టైరీస్ హ్యాలిబర్టన్ 2022లో సబోనిస్‌ను ఇచ్చి తెచ్చుకున్న ఆటగాడు. ఆ సబోనిస్ జార్జ్ కోసం థండర్ ఇచ్చినవాడు. ఆ రాత్రి రెండు జట్ల మూలాలూ పాల్ జార్జ్ మార్పిళ్లలోనే ఉన్నాయి. ఆ జార్జ్ 2024లో క్లిప్పర్స్‌ను వదిలి ఫిలడెల్ఫియా వెళ్లిపోతే, వాళ్లకు బదులుగా ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు మళ్లీ పాత ప్రశ్నే. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం, రెండో ఆప్రన్ అనే జీతాల హద్దు దాటిన జట్టు పన్ను కట్టడంతో సరిపోదు. ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒకరిని తెచ్చుకునే వీలు కూడా పోతుంది. విలియమ్స్, హోమ్‌గ్రెన్‌ల కొత్త జీతాలు 2026-27 నుంచి మొదలవుతాయి. ముగ్గురినీ ఉంచుకోవాలంటే మిగతా స్థానాల్లో తక్కువ జీతానికి ఆడే కొత్తవాళ్లు కావాలి. జార్జ్ కోసం క్లిప్పర్స్ రాసిచ్చిన పిక్‌లలో ఆఖరిది 2026 డ్రాఫ్టుదే.