మైనర్ట్జ్‌హాగన్ లేబుళ్లు: అపోహలు - వాస్తవాలు

పక్షుల రికార్డులు సరిచూడటం నా పని. విద్యార్థులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, పాత పుస్తకంలో అలా లేదు కదా, మేం చూసింది తప్పేనా?" ఆ బెదురు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పేరున్న పెద్దమనిషి రాశాడు కాబట్టి లేబుల్ (మ్యూజియంలోని పక్షి నమూనాకు కట్టే, ఊరు, తేదీ రాసిన చీటీ) నిజమే.

కాదు. రిచర్డ్ మైనర్ట్జ్‌హాగన్ (1878-1967) బ్రిటిష్ సైన్యంలో కర్నల్. భారత్, తూర్పు ఆఫ్రికా, పాలస్తీనాల్లో పనిచేశాడు. సుమారు 20,000 పక్షుల నమూనాలను 1954లో బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చాడు. అంతటివాడిని అనుమానించేదెవరు?

ఫారెస్ట్ ఔలెట్ అనే మన చిన్న గుడ్లగూబను 1873లో ఎ.ఓ. హ్యూమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1884 తర్వాత వందేళ్లకు పైగా దాని నికరమైన ఆచూకీ లేదు. 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర దొరికిందని మైనర్ట్జ్‌హాగన్ నమూనా ఒక్కటే చెబుతోంది. సహజంగానే ఆ లేబుల్ నమ్మినవాళ్లు ఆ ప్రాంతంలో వెతికి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

నమూనా ఎలా తయారవుతుందో తెలిస్తే మోసం ఎక్కడ దాగుతుందో తెలుస్తుంది. పక్షి చర్మం ఒలిచి, లోపల దూది కూరి, పొట్ట దగ్గర కుట్టి, కాళ్లకు దారంతో లేబుల్ కడతారు. ఆ దారం తెంచి వేరే లేబుల్ కట్టడం నిమిషం పని. కుట్టు, కూర్పు మాత్రం ఎవరి తీరు వారిదే, అది తేలిగ్గా చెరగదు. పక్షి శాస్త్రవేత్తలు పమేలా రాస్‌ముసెన్, నైజెల్ కాలర్ ఈ గుడ్లగూబను ఎక్స్-రే తీసి మరీ పరిశీలించారు. విప్పి మళ్లీ కూరిన పాత పక్షి అది. 1880లలో ఖాందేశ్‌లో (ఇప్పటి ఉత్తర మహారాష్ట్ర ప్రాంతం) జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించిన పక్షిని మైనర్ట్జ్‌హాగన్ మ్యూజియం నుంచి దొంగిలించి, కొత్త ఊరు, కొత్త తేదీ రాసి పెట్టాడు.

మాండ్విని పక్కన పెట్టి, అసలైన నమూనాలు దొరికిన చోట్లకే రాస్‌ముసెన్ బృందం వెళ్లింది. 1997 నవంబర్‌లో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబ పట్టపగలు చెట్టు మీద కూర్చుని కనిపించింది. అంతరించిందేమో అనుకున్న పక్షి! 113 ఏళ్ల తర్వాత!

అపోహ: అయితే మైనర్ట్జ్‌హాగన్ నమూనాలన్నీ చెత్తే, పాత రికార్డులన్నీ చెత్తే.

ఈ మాట వ్యాప్తి చేసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఆయన లేబుళ్లలో నిజమైనవీ ఉన్నాయి. ఏది ఏదో తేల్చడానికి ఒక్కో పక్షిని విడిగా చూడాలి. 1993లో పక్షి శాస్త్రవేత్త అలన్ నాక్స్ రెడ్‌పోల్ పిట్టల విషయంలో చేసింది అదే. ఒకడి దొంగతనానికి డేవిడ్‌సన్ లాంటి నిజాయితీపరుల కష్టాన్ని పారేస్తామా?

ఒకసారి ఒక అమ్మాయి తన నోట్‌బుక్‌లోని ఒక పేజీని నాకు చూపించడానికే సంకోచించింది. పాత జాబితాలో ఆ జిల్లాకు ఆ పక్షి లేదట. తెరిస్తే సమయం, చెట్టు పేరు, రెక్క మీది చారలు, పక్షి ఎటు ఎగిరిందీ అన్నీ ఉన్నాయి. జాబితాలో పేరు పక్కన రుజువు ఒక్కటీ లేదు. నేను ఆ పేజీ వైపే నిలబడ్డాను. పిల్లలూ, మీ నోట్‌బుక్ చించకండి, దిద్దకండి.

అపోహ: మైనర్ట్జ్‌హాగన్ పక్షులు తప్ప మరేమీ పట్టని సాధువు. కాదు. 1905లో కెన్యాలో నంది ప్రజల నాయకుడు కోయిటాలెల్‌ను సంధి మాటల కోసం కలిసిన చోటే కాల్చి చంపినవాడు ఆయన.

అపోహ: 1917లో గాజా యుద్ధంలో నకిలీ కాగితాల సంచితో తుర్కులను బోల్తా కొట్టించిన ఎత్తు ఆయన సొంతం. ఆ ఎత్తు జరిగిన మాట నిజమే, కానీ ఆలోచనా, అమలూ వేరేవాళ్లవని తర్వాతి పరిశోధకులు వాదించారు.

అపోహ: ఆయన కనుగొన్నదేదీ నిజం కాదు. ఆఫ్రికాలోని భారీ అడవిపంది నిజం. 1904లో శాస్త్రం దానికి పెట్టిన పేరులో ఆయన పేరు ఉంది, ఇప్పటికీ చెల్లుతోంది.