శైలికల నిర్మాణం: అపోహలు, వాస్తవాలు

అపోహ: ట్యూబ్యులిన్ ఉంటే చాలు, శైలిక దానంతటదే పెరుగుతుంది.

శైలిక (సీలియం) అంటే కణం ఉపరితలం నుంచి పొడుచుకొచ్చే సన్నని వెంట్రుకలాంటి భాగం. దాన్ని కట్టే ప్రొటీనే ట్యూబ్యులిన్. మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చే విద్యార్థుల్లో చాలామంది ఇదే నమ్మకంతో వస్తారు. దానికి కారణమూ ఉంది. శుద్ధి చేసిన ట్యూబ్యులిన్‌లో జీటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచితే సూక్ష్మనాళికలు వాటంతట అవే ఏర్పడతాయి. కానీ అవి విడివిడి గొట్టాలు. కదిలే శైలికలో సాధారణంగా చుట్టూ 9 జంట నాళికలు, మధ్యలో రెండు ఉంటాయి. పైగా అది పెరిగేది కొస దగ్గర. కణం లోపల తయారైన సరుకు అక్కడిదాకా చేరాలి.

కొంత ట్యూబ్యులిన్ వ్యాపనం ద్వారానే చేరుతుంది. మిగతాది మోసుకెళ్లేవి ఐఎఫ్‌టీ ప్రొటీన్లు, అంటే శైలిక లోపలి రవాణా ప్రొటీన్లు. వీటిలో ఐఎఫ్‌టీ81, ఐఎఫ్‌టీ74 కలిసి ట్యూబ్యులిన్‌ను పట్టుకుంటాయి. కైనెసిన్-2 అనే మోటార్ ప్రొటీన్ వాటిని కొసకు లాక్కెళ్తుంది, డైనీన్-2 అనే మరో మోటార్ ప్రొటీన్ వెనక్కి తెస్తుంది. ఈ రాకపోకలను 1993లో యేల్‌లో రోజెన్‌బామ్ బృందం క్లామిడోమోనాస్ అనే ఏకకణ నాచు కశాభాల్లో గమనించింది. ఈ కశాభాల నిర్మాణం కూడా శైలికల్లాంటిదే.

అపోహ: ఒకసారి కట్టడం పూర్తయ్యాక ఈ ప్రొటీన్లకు పని ఉండదు.

పూర్తి పొడవుకు వచ్చిన కశాభంలో కూడా కొసన ట్యూబ్యులిన్ ఊడుతూ, కొత్తది చేరుతూనే ఉంటుంది. రవాణా ఆగితే కశాభం కురచబడుతుంది. క్లామిడోమోనాస్ ఉన్న ద్రవంలో కాస్త ఎసిటిక్ ఆమ్లం వేసి పీహెచ్ 4.5కి దించితే కశాభాలు రాలిపోతాయి. వెంటనే పీహెచ్ సరిచేసి, మధ్యమధ్యలో కొన్ని చుక్కలు తీసి అయోడిన్‌లో వేసి చూస్తే, మొదట మొండిగా ఉన్న కణానికి రెండు పొట్టి కశాభాలు కనిపిస్తాయి. గంటన్నర, రెండు గంటల్లో దాదాపు పూర్తి పొడవు వచ్చేస్తుంది. కొత్త ప్రొటీన్ తయారీని మందుతో ఆపేసినా సగం పొడవు దాకా పెరుగుతాయి. అంటే కణం సరుకు ముందే నిల్వ ఉంచుకుందన్నమాట. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అపోహ: నాచు మొక్కతో మనిషికేం పని?

ఐఎఫ్‌టీ88 లోపిస్తే క్లామిడోమోనాస్‌కు కశాభాలు రావు. అదే జన్యువు దెబ్బతిన్న ఎలుకల కిడ్నీ కణాల్లో శైలికలు కురచగా ఉంటాయని, ఆ కిడ్నీల్లో తిత్తులు వస్తాయని 2000లో తేలింది. బాక్టీరియా కశాభం మాత్రం వేరే సంగతి. అందులో ట్యూబ్యులిన్ ఉండదు, ఉండేది ఫ్లాజెలిన్.

అపోహ: ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో శైలికలు నార్మల్‌గా ఉంటే జబ్బు లేనట్టే.

ఇది చాలా నష్టం చేసే అపోహ. శైలికలు సరిగా కదలని జబ్బు (ప్రైమరీ సీలియరీ డిస్కినీషియా) ఒకటుంది. దానికి ఒక కారణమైన డీఎన్ఏహెచ్11 జన్యులోపంలో నిర్మాణం మామూలుగానే కనిపిస్తుంది, కానీ శైలికలు సరిగా కొట్టుకోవు. పుట్టినప్పటి నుంచీ కఫంతో దగ్గు, ఏడాది పొడవునా ముక్కు కారడం, గుండె కుడివైపు ఉండటం వంటివి ఉంటే, ఆ ఒక్క రిపోర్టు చూసి వదిలేయకండి. జన్యుపరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. ఈ జబ్బు ఎక్కువగా తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వచ్చినప్పుడే బయటపడుతుంది. మీది మేనరికమైతే ఆ మాట కూడా తప్పకుండా చెప్పండి.