జాయినింగ్ తేదీ మింగిన పెన్షన్: 2003 డీఎస్సీ టీచర్ల కథ

మొన్న మా టీచర్ల సంఘం మండల శాఖ సమావేశంలో, టీచర్ల నియామకాలకు జరిగిన మెగా డీఎస్సీ-2025లో కొత్తగా వచ్చిన ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) అమ్మాయి లేచి, "సార్, ప్రతి మీటింగులో 57 మెమో, 57 మెమో అంటారు. ఏంది సార్ అది?" అని అడిగింది. పాతవాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ నంబరు మా నోళ్లలో నాని నాని, దాని వెనక కథ తెలియనివాళ్లు కూడా ఉంటారన్న సంగతే మరిచిపోయాం. అప్పటికి రెండు ముక్కల్లో చెప్పాను గానీ, అది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది 2003 డీఎస్సీ. ఆ ఏడాది చివర్లో నోటిఫికేషన్ పడింది. మా కర్నూలు జిల్లా పిల్లల్లో నంద్యాలలో గది అద్దెకు తీసుకుని చదివినవాళ్లు కొందరు, కృష్ణా జిల్లా అవనిగడ్డ దాకా పోయి కోచింగ్ తీసుకున్నవాళ్లు కొందరు. వేరుశనగ పంట ఎండిపోయినా, అప్పుచేసి మరీ కొడుకునో కూతురినో పంపిన ఇళ్లే ఎక్కువ. మెట్ట భూముల సీమలో సర్కారు ఉద్యోగమంటే నెలనెలా తప్పకుండా కురిసే వాన. ముసలితనంలోనూ ఆగని వాన. ఆ రెండో మాటే మా పెద్దవాళ్లను ఎక్కువగా లాగింది. "నీ చేత కాని రోజున కూడా నీకు బువ్వ పెడుతుందిరా ఆ ఉద్యోగం" అని మా నాయన అనేవాడు.

2004లో ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. మా చేతికి నియామక ఉత్తర్వులు వచ్చేసరికి 2005 చివరికొచ్చింది. నాకు ఆదోని డివిజన్‌లో ఒక ఎంపీపీ (మండల పరిషత్ ప్రాథమిక) స్కూలు పడింది. చేరిన రోజు హాజరు పట్టీలో పేర్లు నిండుగా ఉన్నాయి, ఎదురుగా కూర్చున్న పిల్లలు సగం కూడా లేరు. మిగతావాళ్లు అమ్మానాన్నలతో కలిసి పత్తి తీతకు గుంటూరు వైపు పోయారని ఊళ్లో చెప్పారు. వాళ్లను వెనక్కి రప్పించడం ఎట్లా అన్నదే ఆ రోజు నా దిగులు. సర్వీసు రిజిస్టర్‌లో పుట్టిన తేదీ రాశారు, పుట్టుమచ్చలు రాశారు, వేలిముద్రలు తీసుకున్నారు, చేరిన తేదీ వేశారు. ఆ చేరిన తేదీ నా ముసలితనాన్ని మార్చేసిందని అప్పుడు నాకు తెలియదు.

ఎందుకు మార్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి.

పాత పెన్షన్ లెక్క సులువైనది. 33 ఏళ్ల సర్వీసు నిండితే ఆఖరి బేసిక్‌లో సగం పెన్షన్. దాని మీద ధరలతో పాటు పెరిగే కరువు భృతి. పీఆర్సీ, అంటే వేతన సవరణ, వచ్చినప్పుడల్లా పెన్షన్‌కూ సవరణ. మనిషి పోతే భార్యకో భర్తకో కుటుంబ పెన్షన్. ఉద్యోగి దీనికోసం జీతంలోంచి పైసా కట్టనక్కర్లేదు. 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం డి.ఎస్.నకారా కేసులో తీర్పు ఇస్తూ, పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. పెన్షనర్లు ఏటా డిసెంబర్ 17ను పెన్షనర్ల దినంగా జరుపుకునేది ఇందుకే. ఆ తీర్పును తలుచుకునేవాళ్లలో చాలామంది ఒక సంగతి మరిచిపోతుంటారు. ఆ కేసు అసలు నడిచింది ఒక తేదీ మీదే. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవాళ్లకు ఒక లెక్క, ఆ తర్వాతవాళ్లకు ఇంకో లెక్క అని కేంద్రం గీత గీసింది. ఒకే పని చేసిన మనుషులను ఇట్లా తేదీతో విడదీయడానికి సరైన కారణం కనపడదని కోర్టు ఆ గీతను చెరిపేసింది.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి మళ్లీ గీత పడింది. ఈసారి కొత్తగా చేరేవాళ్ల మీద. పెన్షన్ల భారం పెరుగుతోందన్న వాదనతో కేంద్రం 2003 డిసెంబర్ 22న కొత్త పెన్షన్ పథకాన్ని నోటిఫై చేసింది. సైనిక దళాలు తప్ప, 2004 జనవరి 1 నుంచి కేంద్ర సర్వీసులో చేరేవాళ్లంతా అందులోకే. రాష్ట్రాలు తమకు తాముగా చేరాలో వద్దో తేల్చుకోవచ్చు. పశ్చిమ బెంగాల్ చేరలేదు. మన రాష్ట్రం 2004 సెప్టెంబర్ 22న 653 నంబరు జీవో ఇచ్చింది. ఆ నెల 1వ తేదీ నుంచి చేరినవాళ్లకే వర్తిస్తుందని అందులో రాశారు. అదే మనం సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) అంటున్నది, ఉద్యోగి కూడా జీతంలోంచి వాటా కట్టే పెన్షన్.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మా నోటిఫికేషన్ 2003లో, జీవో 2004 సెప్టెంబర్‌లో, ఉద్యోగం 2005లో. మేం దరఖాస్తు నింపిన నాడు ఈ రాష్ట్రంలో సీపీఎస్ అనే మాటే లేదు. పాత పెన్షన్ ఉన్న ఖాళీలకే మమ్మల్ని పిలిచారు. నియామకాలు అనుకున్న కాలానికి జరిగి ఉంటే మేమంతా పాత పెన్షన్‌లోనే ఉండేవాళ్లం. ఆలస్యంలో మా తప్పు రవ్వంత కూడా లేదు. ఆ ఆలస్యం ఖరీదు మాత్రం మేమే కడుతున్నాం.

ఎట్లా కడుతున్నామో జీతం బిల్లు చూస్తే తెలుస్తుంది. నేను చేరినప్పుడు ఎస్జీటీ బేసిక్ 5,470. అందులోనూ, డీఏలోనూ కలిపి పది శాతం సీపీఎస్ కింద కోత. ప్రభుత్వం అంతే కలుపుతుంది. (కేంద్రం తన వాటాను 2019 ఏప్రిల్ నుంచి 14 శాతం చేసింది.) నా పక్క గదిలో పాఠం చెప్పే మా సీనియర్ సార్ బిల్లులో అదే చోట జెడ్‌పీపీఎఫ్ (జిల్లా పరిషత్ ప్రావిడెంట్ ఫండ్) అని ఉండేది. అది కూడా కోతే, కానీ ఆయన సొమ్ము, ఆయన చేతికందే సొమ్ము. కూతురి పెళ్లికి జిల్లా పరిషత్‌లో లోన్ పెట్టుకుని తెచ్చుకున్నాడు, కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకు మళ్లీ పెట్టుకున్నాడు. నాకు మా ఇంటి కప్పు కారినప్పుడు బజారు వడ్డీయే దిక్కైంది. సీపీఎస్‌లోనూ కొన్ని అవసరాలకు పాక్షికంగా తీసుకునే వీలుంది. మన వాటా వరకే, అందులోనూ 25 శాతం లోపలే.

మొదటి ఏళ్లలో అదీ లేదు. కోత పడుతుంది, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో అడిగితే చెప్పేవాళ్లు లేరు. ప్రాన్ నంబర్లు, అంటే మా పెన్షన్ ఖాతా నంబర్లు, రావడానికే చాలా కాలం పట్టింది. వచ్చాక స్టేట్‌మెంట్ తీసి చూస్తే కొన్ని నెలల సొమ్ము ఖాతాలో కనపడదు. మా మండలంలో ఒక మేడం తన పాత జీతం బిల్లుల జిరాక్సులన్నీ సంచిలో వేసుకుని, సెలవు పెట్టుకుని, ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగింది. కనపడని నెలలు ఎన్నో ఆమె ఒక నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకుంది. ఒక్కొక్కటి ఖాతాలో పడినప్పుడు నల్ల పెన్నుతో కొట్టేసేది. ఆ పుస్తకంలో కొన్ని ఎర్ర గుర్తులు చాలా ఏళ్లు అట్లాగే ఉండిపోయాయి.

ఇంకో లెక్క కూడా చూపిస్తాను. ఊహకే అనుకోండి. రిటైరయ్యే నాటికి ఒక టీచర్ బేసిక్ 80 వేలు, 33 ఏళ్ల సర్వీసు ఉంది. పాత పద్ధతిలో నెలకు 40 వేలు, దాని మీద కరువు భృతి. సీపీఎస్‌లో ఖాతాలో 40 లక్షలు పోగయ్యాయనుకుందాం. 60 శాతం, అంటే 24 లక్షలు చేతికిస్తారు. మిగతా 16 లక్షలతో యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్‌లా సొమ్ము ఇచ్చే బీమా పథకం, కొనాలి. ఏడాదికి 6 శాతం వస్తుందనుకుంటే నెలకు 8 వేలు. పదేళ్లు గడిచినా, పప్పూ నూనె ధరలు రెట్టింపైనా, ఆ ఎనిమిది వేలు ఎనిమిది వేలే. చేతికొచ్చిన 24 లక్షలున్నాయి కదా అంటారు. నిజమే, కానీ పాత పద్ధతిలోనూ కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) ఉంది, పీఎఫ్ ఉంది. పైగా ఆ 40 లక్షలు ఎంతవుతాయన్నది మార్కెట్ చేతిలో ఉంది. మన సర్వీసు రిజిస్టర్‌కు దానితో సంబంధం లేదు.

సీపీఎస్ వచ్చిన తొలి పదేళ్లకు పైగా గ్రాట్యుటీ కూడా లేదు. సర్వీసులో ఉండగా చనిపోయిన మన తోటి టీచర్ల ఇళ్లకు పోయి పలకరించి వచ్చిన రోజులు ఇప్పుడు తలుచుకున్నా గొంతు పట్టేస్తుంది. ఆ ఇంటి ఆమెకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. చందాలు వేసుకున్నాం, అంతకన్నా ఏం చేయలేకపోయాం. సంఘాలన్నీ పట్టుబడితే 2017లో గానీ సీపీఎస్ ఉద్యోగులకు గ్రాట్యుటీ, చనిపోయినవాళ్ల ఇంటికి కుటుంబ పెన్షన్ సాధ్యం కాలేదు. పోరాడితే ఏం వస్తుందని అడిగే కొత్తవాళ్లకు నేను ముందు చెప్పేది ఆ ఏడాది సంగతే.

సీపీఎస్ మొత్తం రద్దు కావాలన్న పెద్ద పోరాటం అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని క్లుప్తంగా దాటేస్తాను. ఏటా సెప్టెంబర్ 1ని పెన్షన్ విద్రోహ దినంగా నల్లబ్యాడ్జీలతో జరుపుతున్నాం. 2019 ఎన్నికలకు ముందు వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి అధికారంలోకి వచ్చిన వారంలో రద్దు చేస్తానని హామీ ఇచ్చారు. 2023 సెప్టెంబర్‌లో శాసనసభ రద్దుకు బదులుగా గ్యారంటీ పెన్షన్ పథకం, జీపీఎస్ చట్టాన్ని ఆమోదించింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి తన ఉద్యోగులకు యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) తెచ్చింది. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ 2022, 2023లలో పాత పెన్షన్ వైపు తిరిగాయి. ఆ పోరాటం మనందరిది. 2003 డీఎస్సీ వాళ్ల సమస్య అందులో ఒక పాయ, కానీ దానికి వేరే వాదన ఉంది, వేరే దారి ఉంది. రెండింటినీ కలిపేసి మాట్లాడితే అధికారులు "అది విధాన నిర్ణయం" అని ఒక్క మాటతో పంపించేస్తారు.

ఆ వేరే దారే 57 మెమో. కేంద్ర సర్వీసుల్లోనూ మాలాంటివాళ్లు ఉన్నారు. నోటిఫికేషన్ ముందు పడి, ఉద్యోగం తర్వాత వచ్చినవాళ్లు. వాళ్లు కోర్టులకు పోయారు. ఢిల్లీ హైకోర్టులో వరసగా తీర్పులు వాళ్ల వైపు వచ్చాయి. 2020 ఫిబ్రవరి 17న కేంద్ర పెన్షన్ల శాఖ, 2004 జనవరి 1కి ముందే ఫలితాలు వచ్చినవాళ్లకు పాత పెన్షన్‌కు మారే అవకాశం ఇచ్చింది. 2023 మార్చి 3న ఇంకో అడుగు ముందుకేసి, 57/05/2021 నంబరు మెమోలో, 2003 డిసెంబర్ 22కు ముందు ప్రకటించిన ఖాళీల్లో ఎంపికైనవాళ్లందరికీ ఆ అవకాశం ఇచ్చింది. చేరింది ఎప్పుడైనా సరే, ప్రకటన ఎప్పుడు పడిందన్నదే లెక్క. ఆ ఫైలు నంబరులోని మొదటి రెండంకెలే మన నోట్లో 57 మెమో అయ్యాయి.

అమ్మాయీ, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు అది. ఆ సూత్రాన్ని మన రాష్ట్రానికి అన్వయించమని మేం అడుగుతున్నాం. కేంద్రానికి 2003 డిసెంబర్ 22 ఎట్లాగో, మనకు 2004 సెప్టెంబర్ 22 అట్లాగ. మా నోటిఫికేషన్ దానికి ఎన్నో నెలల ముందే పడింది. టీచర్లమే కాదు, ఆ కాలంలోనే ప్రకటన పడి ఆలస్యంగా చేరిన ఇతర శాఖలవాళ్లకూ ఇదే న్యాయం దక్కాలి.

ఖజానా పరిస్థితి చూడాలి కదా అంటారు. చూడాలి. కాదనను. కానీ ఇది ఏటా పెరిగే గుంపు కాదు, ఇక మీదట ఒక్కరు కూడా కొత్తగా చేరలేరు. పైగా కేంద్రం మెమో ప్రకారం ఉద్యోగి వాటా పీఎఫ్ ఖాతాకు మారుతుంది, ప్రభుత్వం కట్టిన వాటా దాని రాబడితో సహా ప్రభుత్వానికే తిరిగి వస్తుంది. మహారాష్ట్ర మంత్రివర్గం 2024 జనవరిలో, అక్కడి గీత అయిన 2005 నవంబర్ 1కి ముందు ప్రకటన పడినవాళ్లకు పాత పెన్షన్ ఎంచుకునే వీలిచ్చింది. ఉత్తరప్రదేశ్ అదే ఏడాది జూన్‌లో, 2005 మార్చి 28కి ముందు ప్రకటనలకు అదే చేసింది. ఆ రాష్ట్రాలకూ ఖజానాలున్నాయి, వాటికీ ఇబ్బందులున్నాయి.

ఈలోపు సభ్యులు చేయాల్సిన పని ఒకటుంది. కేంద్రంలో ఆప్షన్ ఇవ్వడానికి 2023 ఆగస్టు 31 వరకే గడువిచ్చారు, ఒక్కసారికే అవకాశం. ఇక్కడా ఉత్తర్వులు వస్తే గడువు కొద్ది రోజులే ఉంటుందని అనుకుని సిద్ధంగా ఉండాలి. అప్పటి నోటిఫికేషన్ కాపీ, హాల్ టికెట్, ర్యాంకు కార్డు, కౌన్సెలింగ్ పత్రం, నియామక ఉత్తర్వు, సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీల జిరాక్సు ఒక ఫైల్లో పెట్టుకోండి. జిల్లా విడిపోయాక నంద్యాల వైపు పోయినవాళ్లు, అంతర్ జిల్లా బదిలీల్లో వచ్చినవాళ్లు పాత జిల్లా ఎంపిక జాబితాలో తమ పేరున్న పేజీ కూడా తెచ్చుకోవాలి. నా హాల్ టికెట్ మీద ఫొటో ఎగిరిపోయింది, నంబరు మాత్రం కనపడుతోంది. అది మా అమ్మ ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల్లో దాచి ఉంచింది. ఎవరికైనా కాగితాలు దొరక్కపోతే వచ్చే మండల సమావేశంలో చెప్పండి, ఒకే బ్యాచ్ వాళ్లం కూర్చుని ఒకరి దగ్గరున్నవి ఒకరు చూసుకుందాం.